పోస్టుకార్డు మందం

మూడేళ్ళుగా ఆ కోడలు ఒకే మాట వింటోంది. ఇంకొకళ్ళయితే ఈపాటికి చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవాళ్ళు. ఆ మాట వాళ్ళ మామగారిది. "మట్టంలో ఏ దోషమూ లేదమ్మా, నీ చేతిలోనే ఉంది వంకర." పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఆమె ఏ పెట్టో బల్లో బిగించిన రోజున అదనంగా ఇంకో రెండుసార్లు. కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు. ఆయన కోపంగా అనడు. జ్వరమొచ్చిన పిల్లకి మందు పోస్తున్నంత జాలిగా అంటాడు. ఆ జాలికే ఆమెకి ఒళ్ళు మండేది.

మామగారు వడ్రంగి. వీధిలో అందరూ పెద్దమేస్త్రి అంటారు. చిన్నమేస్త్రి ఆయన కొడుకు, అంటే ఆమె భర్త. మేడ మీద కాపురం, కింద పని. కింద పొడవాటి గది, గోడకి మూడు కిటికీలు. వెనక భాగమంతా మిషన్లు, అక్కడ చిన్నమేస్త్రి రాజ్యం. చెక్కను నునుపు చేసే ప్లేనరు, నిలువునా కోసే గుండ్రటి రంపం, వాటి బెల్టులు, వాటి గ్రీజు డబ్బాలు. ముందు భాగంలో కిటికీల కింద రెండు పని బల్లలు. ఒకటి పెద్దమేస్త్రిది, రెండోది ఆమెది. ఆమెది అని ఆమె అనుకుంటుంది. పెద్దమేస్త్రి మాత్రం దాన్ని ఇప్పటికీ "ఆ రెండో బల్ల" అనే అంటాడు.

గోడ నిండా ఉలులు, రంపాలు, చెక్కని చేత్తో నునుపు చేసే చిత్రికలు దేని మేకుకి అది వేలాడుతుంటాయి. వాటి మధ్యలో, గుడ్డ చుట్టిన ఒక మేకుకి, పెద్ద మూలమట్టం. మూలమట్టం అంటే మరీ బ్రహ్మాండమైన వస్తువేం కాదు. లావాటి చెక్క పిడి, దానికి నిట్టనిలువుగా బిగించిన ఉక్కు పట్టీ, అంతే. పిడిని చెక్క అంచుకి ఆనించి, పట్టీ వెంట చాకుతో గీస్తే ఆ గీత అంచుకి సరిగ్గా నిలువుగా పడాలి. తలుపైనా, కిటికీ అయినా, పిల్లలాడుకునే బొమ్మ పెట్టె అయినా అన్నీ ఆ ఒక్క గీత మీద ఆధారపడి ఉంటాయి. ఈ మట్టం పెద్దమేస్త్రికి పని నేర్పిన గురువు చేతిది. వారానికోసారి దానికి నూనె రాసి తుడుస్తాడు. పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోయాడేమో గాని, మట్టానికి నూనె రాయడం ఏ వారమూ మరిచిపోలేదు. ఈ మాట నాది కాదు, వాళ్ళావిడది.

ఆ గదిలో ఇంకో ఐదు చిన్న మట్టాలున్నాయి. అన్నీ ఏటా పెద్దదాని పక్కన పెట్టి సరిచూసి దిద్దినవే. మిషను రంపానికి చెక్కని ఆనించే ఇనుప గోడ ఉంటుంది కదా, దాన్ని కూడా ఏడాదికోసారి పెద్ద మట్టం పెట్టే సరిచేస్తారు. ఆ గదిలో నిలువంటే ఆ మట్టం చెప్పిందే నిలువు. దాన్ని సరిచూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, సరిచూడ్డానికి దానికంటే పెద్దది ఇంకోటి ఉండాలి కదా.

ఇక కోడలి సంగతి. ఆమె రంపాలకి పళ్ళు దిద్దేవాడి కూతురు. అక్షరాలు నేర్చుకునే వయసులోనే ఇనుముని అరగదీసే ఆకురాయి పట్టుకుంది. ఒక్కో రంపపు పన్ను వంపు తడిమి, ఇది నిలువు కోతకా అడ్డకోతకా అని కళ్ళు మూసుకుని చెప్పగలదు. కాపురానికి వచ్చినప్పుడు ఆమె పెట్టె బరువు చూసి అత్తగారు సంబరపడింది. తెరిచి చూస్తే తోలు సంచిలో చుట్టిన ఆకురాళ్ళు. "బట్టలుంటాయనుకుంటే ఇనుపముక్కలు తెచ్చుకుందేమిటే ఈ పిల్ల" అని ఆవిడ ముక్కున వేలేసుకుంది.

కానీ నెల తిరిగేసరికి గోడ మీది రంపాలన్నీ కొత్తవైపోయాయి. ఏళ్ళ తరబడి మొండికేసిన చిత్రికలు పలచటి, పొడవాటి పొరలు తీయడం మొదలుపెట్టాయి. పెద్దమేస్త్రి ఒక పొరని వెలుతురుకి పెట్టి చూసి, "ఇంట్లో ఇంత పనిమంతురాలుంటే మనం ఊరంతా తిరుగుతున్నాం" అన్నాడు. ఆ ఊపులోనే ఆమె అడిగేసింది, తనకీ బల్ల మీద పని నేర్పమని. ఆయన కాస్త తటపటాయించాడు, తర్వాత సరేనన్నాడు. నేర్పడంలో లోటు చేయలేదు. చిత్రిక ఎలా పట్టాలో, ఉలి ఎక్కడ ఆపాలో, చెక్క పొర ఎటు పోతుందో ఎలా చూడాలో, అన్నీ ఓపికగా చెప్పాడు. అన్నీ ఆమెకి వచ్చాయి. ఒక్క మూల మాత్రం రాలేదు. ఆమె ఏది బిగించినా ఆవగింజంత ఒరిగేది. అప్పట్నించీ ఆ మాట మొదలైంది.

అలా మూడేళ్ళు గడిచాక, గడియారాల మెకానిక్ వచ్చాడు. వీధి చివర కొట్టు ఆయనది. మనిషి సన్నగా, మాట ఇంకా సన్నగా ఉంటుంది. కొట్టు మారుస్తున్నాడట, ఇరవైనాలుగు సొరుగుల బీరువా కావాలట. "సొరుగు లాగితే చప్పుడవకూడదు మేస్త్రిగారూ. నాకు రోజంతా టిక్కుటిక్కులు వినేదే సరిపోతోంది" అన్నాడు. శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు.

బీరువా చట్రం పెద్దమేస్త్రే చేశాడు. సొరుగులు మాత్రం సగం తను, సగం కోడలు అని పంచాడు. పంచిన తర్వాత చెక్కపొట్టు దులుపుకుంటూ, మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"అమ్మాయ్, ఈ పన్నెండూ చూద్దాం. ఇవీ ఒరిగితే ఇక వద్దులే. నువ్వు ఆకురాళ్ళ పనే చూసుకో, పాలిష్ గది చూసుకో. ఆ రెండో బల్లకి ఎవరినైనా పెట్టుకుందాం. అందరికీ అన్నీ రావాలని లేదు, అందులో తప్పేం లేదు."

ఆమె తలూపింది.  పాలిష్ గది అంటే మెట్ల కింద కిటికీ లేని కొట్టు. ఆమెకి పాలిష్ అంటే చులకనేం కాదు. కానీ చెక్క ఒక చివర మొద్దుగా వచ్చి, ఇంకో చివర వస్తువుగా వెళ్ళడం తన చేతుల్లోంచి జరగాలని ఆమెకి ఆశ. ఆ ఆశ గురించి ఎవరితోనూ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, జాలిపడతారని.

సోమ, మంగళవారాల్లో నాలుగు సొరుగులు చేసింది. ఊపిరి బిగబట్టి గీసింది, గీత పక్కనే కోసింది, మూలల్లో పళ్ళు ఒకదాంట్లో ఒకటి దిగేట్టు ఉలితో చెక్కింది. బీరువాలోకి తోసింది. నాలుగూ సగందాకా వెళ్ళి కీచుమని ఆగిపోయాయి.

పెద్దమేస్త్రి వచ్చి ఒక్కో సొరుగునీ లాగి చూశాడు. "మట్టంలో ఏ దోషమూ లేదమ్మా" అని మొదలుపెట్టి, ఎందుకో ఆపేశాడు. మిగతాది అనలేదు. అనకపోవడమే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

బుధవారం పొద్దున ఆ నాలుగు సొరుగుల్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని వాటి ముఖాలు చూసింది. ఏడవడానికే కూర్చుంది నిజానికి. కానీ చూస్తూ చూస్తూ ఉండగా ఒక సంగతి కనబడింది. నాలుగూ ఎడమకే ఒరిగాయి. రాసుకున్న జాడ నాలుగింటికీ పై ఎడమ మూలలోనే ఉంది. ఆమెకి తండ్రి మాట గుర్తొచ్చింది. పన్ను ఒకటి ఇటు, ఒకటి అటు వంకరపోతే అది దిద్దినవాడి చెయ్యి. అన్నీ ఒకే వైపు వంకరపోతే అది రంపాన్ని బిగించిన పట్టుకొయ్య. తన చెయ్యి వంకరైతే ఒకటి ఇటు ఒరగాలి, ఒకటి అటు ఒరగాలి. ఇంత క్రమశిక్షణగా నాలుగూ ఒకే వైపు ఎందుకు ఒరుగుతాయి?

లేచి పెద్ద మట్టం తీసింది. చిత్రిక పట్టిన వెడల్పాటి చెక్క తీసుకుని, పిడిని అంచుకి ఆనించి ఒక గీత గీసింది. తర్వాత మట్టాన్ని బోర్లా తిప్పి, పిడి కుడివైపుకి వచ్చేట్టు పెట్టి, అదే చుక్క దగ్గర్నించి ఇంకో గీత గీసింది. మట్టం సరైనదైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడలేదు. కింద కలిసే ఉన్నాయి, పైకి వెళ్ళేకొద్దీ విడిపోయాయి. జానెడు ఎత్తులో రెండు పోస్టుకార్డుల సందు. ఆ సందులో సగం మట్టం తప్పు. ఒక పోస్టుకార్డు మందం.

చిన్న మట్టాలు ఐదూ తీసి చూసింది. ఐదూ అదే తప్పు, అదే వైపు, అంతే మందం. తల్లి పోలికే పిల్లలందరికీ వచ్చింది.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కడుపు మండింది. మూడేళ్ళు. చెక్క పెట్టెలెన్ని, చట్రాలెన్ని, చాటుగా ముఖం కడుక్కున్న సార్లెన్ని. చెప్పింది చెప్పినట్టు విన్నందుకు, మట్టం ఎటు చూపిస్తే అటే గీసినందుకు, వంకర చెయ్యి అనిపించుకుంది.

ముందు భర్త దగ్గరికి వెళ్ళింది. చిన్నమేస్త్రి ప్లేనరు బ్లేళ్ళు విప్పి తుడుస్తున్నాడు. రెండు గీతల చెక్కని చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది ఇంకెవరికైనా చూపించావా?"

"లేదు."

"చూపించకు. నాన్నకి మట్టం ఎంతో నేనూ అంతే. అందులోనూ మట్టం నాకంటే ముందు పుట్టింది."

ఆయన హాస్యానికి నవ్వే ఓపిక లేక ఆమె తిన్నగా పెద్దమేస్త్రి దగ్గరికే వెళ్ళింది.

"మామయ్యా, ఒక్కసారి పెద్ద మట్టాన్ని తిప్పి చూద్దామా?"

"ఎందుకూ?"

"నా సొరుగులు నాలుగూ ఒకే వైపు ఒరిగాయి. మట్టంలో ఏమన్నా తేడా ఉందేమోనని."

ఆయన ఉలి కింద పెట్టాడు. అప్పటికి ఆయన సొరుగులు తొమ్మిది పూర్తయ్యాయి. బీరువాలో వాటిని ఒక్కొక్కటే వేలితో తోశాడు. తొమ్మిదీ నీళ్ళలో పడవల్లా లోపలికి వెళ్ళి, చడీచప్పుడు లేకుండా ఆగాయి.

"నేనూ ఆ మట్టంతోనే గీశానమ్మా. మరి ఇవెలా వెళ్తున్నాయి?"

 ఆమె చేతిలోని చెక్కని వెనక్కి దాచుకుంది. ఆయన అదే జాలితో ఆమె తల మీద చెయ్యేసి, మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. వంకర మట్టంతో సరైన సొరుగులు ఎలా వస్తాయి? రెండో బల్ల దగ్గర నిలబడి, పని చేస్తున్నట్టు నటిస్తూ, ఆయన్నే చూసింది. ఆయన బీరువా వెనక చెక్కకి గీత గీస్తున్నాడు. పిడి అంచుకి ఆనింది. చాకు పట్టీకి ఆనింది. చాకు పైకి కదిలింది. సగం దాటాక పట్టీ నుంచి కాస్త కాస్త పక్కకి జరగడం మొదలుపెట్టింది. పైకి చేరేసరికి చాకుకీ పట్టీకీ మధ్య సన్నటి వెలుతురు. ఇంకో గీత గీశాడు. మళ్ళీ అదే వెలుతురు, అంతే మందం. ఇదివరకు కూడా చూసింది ఇది. పెద్దవాడు కదా, చెయ్యి జారుతోందిలే అనుకుంది. జారడం కాదది. ఏనాడో ఆ కన్ను తప్పుని పసిగట్టింది, ఆ చెయ్యి దిద్దుకుంది, ఇద్దరూ కలిసి పెద్దమేస్త్రికి మాత్రం చెప్పలేదు.

న్యాయంగా చూస్తే ఆమె తనకోసం వేరే మట్టం చేసుకుని ఉండాల్సింది. ఒకపూట పని. కానీ ఆమెకి కోపం వచ్చి ఉంది, కోపం వచ్చిన మనిషికి న్యాయం రెండో వరసలో కూర్చుంటుంది. మూడేళ్ళు తనని మాట పడేట్టు చేసింది ఆ మట్టమే, దాన్నే దారికి తేవాలి అనుకుంది.

మధ్యాహ్నం భోజనం కాగానే పెద్దమేస్త్రి మేడ మీద గంటసేపు కునుకు తీస్తాడు. ఆమె తోలు సంచి విప్పి, అన్నింటికంటే నున్నటి ఆకురాయి తీసింది. మట్టాన్ని మెత్తటి గుడ్డ మధ్య పట్టుకొయ్యలో బిగించింది. పట్టీ పిడివైపుకి వాలింది కాబట్టి, బయటి అంచులో అరగదీయాల్సింది కొస దగ్గర కాదు, మొదట్లో. పది రుద్దులు, తిప్పి రెండు గీతలు. ఇంకో ఆరు రుద్దులు, రెండు గీతలు. సందు సన్నబడింది. చివరికి రెండు గీతలూ ఒక్కటయ్యాయి. వేలిగోటితో తడిమినా ఒకటే తగిలింది. ఉక్కుపొడి ఊదేసి, నూనె రాసి, మేకుకి తగిలించింది.  ఆకురాయి తీసేసిన ఉక్కుని మళ్ళీ ఎవరూ అతికించలేరని ఆమెకి బాగా తెలుసు.

ఇక ఆపకుండా పని చేసింది. బుధవారం సాయంత్రానికి రెండు, గురువారం నాటికి పన్నెండూ. పాత నాలుగింటి బదులు కొత్తవి నాలుగు కూడా. పెద్దమేస్త్రి గురువారం రోజంతా బీరువాకి పిడులు బిగిస్తూ, పాలిష్ రుద్దుతూ ఉన్నాడు. సాయంత్రం వచ్చి ఆమె సొరుగుల్ని వేలితో తోశాడు. పన్నెండూ వెళ్ళాయి. మళ్ళీ లాగి మళ్ళీ తోశాడు. ఒక సొరుగుని బయటికి తీసి మూలలు కంటి దగ్గర పెట్టుకుని చూశాడు.

"కుదిరిందమ్మా చెయ్యి" అన్నాడు.  మేడ మెట్లు ఎక్కుతూ ఈల వేశాడు. ఆయన ఈల వేయడం ఆ ఇంట్లో చాలాకాలమైంది. ఆమెకి ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతో.

శుక్రవారం పొద్దున పెద్దమేస్త్రి తన వంతులో మిగిలిన మూడు సొరుగులకి కూర్చున్నాడు. గీశాడు, కోశాడు, బిగించాడు. మొదటిది బీరువాలోకి తోశాడు. అది సగందాకా వెళ్ళి కీచుమంది.

గదిలో అందరూ తలెత్తారు. చిన్నమేస్త్రి మిషను ఆపేశాడు. పెద్దమేస్త్రి సొరుగు తీసి, చూసి, ఏదో పొరపాటనుకుని రెండోది చేశాడు. అదీ ఆగింది. మూడోది చేశాడు. ఈసారి చాలా నెమ్మదిగా, ఒక్కో గీతకీ రెండుసార్లు ఊపిరి తీసుకుని. అదీ ఆగింది. మూడింటికీ రాపిడి జాడ పై కుడి మూలలోనే పడింది. దాన్ని ఆయన చూడలేదు. ఆయన చూస్తున్నది తన కుడిచేతిని. వేళ్ళు చాపాడు, ముడిచాడు, మళ్ళీ చాపాడు.

"మట్టంలో ఏ దోషమూ లేదు" అన్నాడు. ఎవరితోనూ కాదు, తనలో తను. "నా చేతిలోనే వచ్చింది వంకర."

ఆ మాట వినగానే ఆమెకి తల కొట్టేసినట్టయింది. మూడేళ్ళుగా తన మీద పడిన మాట, అంతే జాలిగా, ఆయన మీదే పడింది.

 ఆయన గీతల చాకుని గుడ్డతో తుడిచి, రెండో బల్ల మీద, ఆమె ముందు పెట్టాడు.

"ఇక నువ్వు చూసుకో అమ్మా. మిగతా మూడూ నువ్వే చెయ్యి. ఈ బల్లా నీదే, ఆ బల్లా నీదే. నా చెయ్యి కాలం అయిపోయినట్టుంది. సమయానికి నీ చెయ్యి కుదిరింది, అదే నయం."

అని వెనక గుమ్మం వైపు నడిచాడు. నడకలో కూడా ఒక్కపూటలో పదేళ్ళు మీద పడ్డాయి.

చిన్నమేస్త్రి గబగబా ఆమె దగ్గరికి వచ్చాడు. బుధవారం నాటి రెండు గీతల చెక్క ఆయనకి గుర్తుంది, మట్టం పట్టీ మొదట్లో ఆకురాయి పెట్టిన మెరుపు ఆయన కళ్ళకి కనబడింది.

"నువ్వే కదా?"

ఆమె తలూపింది.

"నోరు మూసుకో మరి. అడిగావా, బల్ల వచ్చింది. ఇప్పుడు వెళ్ళి చెబితే రెండు బల్లలూ పోతాయి. ఆయనకీ అరవై దాటాయి, ఎలాగూ విశ్రాంతి కావాలి."

నిజానికి అది తెలివైన సలహా. ఆమె చేయాల్సింది ఏమీ లేదు, మాట్లాడకుండా ఉండటమే. చాకు ఎదురుగా ఉంది, దాని పిడి మీద ఆయన బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోలేకపోయింది. మూడేళ్ళు ఆ మాట కింద ఎలా బతికిందో ఆమెకి తెలుసు. ఆమెకి ముప్పై ఏళ్ళు కాబట్టి బతికింది. ఈయన ఈ వయసులో ఆ మాటని మోసుకుంటూ మెట్లెక్కి మంచం మీద పడుకుంటే ఇక లేవడు.

గోడ మీద నుంచి పెద్ద మట్టం తీసింది, ఒక చిన్న మట్టం తీసింది, నున్నటి చెక్క తీసింది. వెనక గుమ్మంలో పెద్దమేస్త్రి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అత్తగారు టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి, ఏమైందో అర్థంకాక చూస్తోంది.

"మామయ్యా, మీ చెయ్యి బాగానే ఉంది. నేనొక తప్పు చేశాను."

చెక్కని మెట్టు మీద పెట్టి, చిన్న మట్టంతో గీసింది, తిప్పి గీసింది. పైన విడిపోయిన రెండు గీతలు. తర్వాత పెద్ద మట్టంతో గీసింది, తిప్పి గీసింది. ఒకటే గీత.

"బుధవారందాకా పెద్దదీ చిన్నదానిలాగే ఉండేది. అన్నింటికీ అదే తప్పు. మీరు పడుకున్నప్పుడు పెద్దదాన్ని అరగదీశాను."

పెద్దమేస్త్రి చిన్న మట్టం తీసుకుని తనే గీశాడు, తిప్పాడు, గీశాడు. ఇంకోసారి చేశాడు. ముఖంలో ఏ రంగూ లేదు.

"మా గురువు మట్టం వంకరగా ఉండేదంటావా?"

అప్పుడు అత్తగారు టీ గ్లాసు కింద పెట్టేసింది. "మీ గురువుగారిని అనకండి. ఆయన ఇచ్చినప్పుడు బాగానే ఉంది. నేనే పడేశాను."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"పన్నెండేళ్ళయిందేమో. ఊడుస్తుంటే చీపురు తగిలి పడింది. కొస నేలకి కొట్టుకుంది. విరగలేదు కదా అని తుడిచి తగిలించేశాను."

"చెప్పొద్దూ?"

"చెబితే మీరు వారం రోజులు అన్నం మానేసేవాళ్ళు. విరగనిదానికి అంత రాద్ధాంతం ఎందుకని ఊరుకున్నాను. వంగుతుందని నాకేం తెలుసు?"

పెద్దమేస్త్రి చిన్న మట్టాన్ని కోడలి చేతికి తిరిగి ఇచ్చేశాడు. తర్వాత అడిగాడు, "మరి పన్నెండేళ్ళూ నా పని సరిగ్గా ఎలా వచ్చింది?"

"మీ చాకు పైకి వెళ్ళేకొద్దీ పట్టీకి దూరం జరుగుతుంది మామయ్యా. పోస్టుకార్డు మందం. ప్రతిసారీ అంతే. మీకు తెలీదు గాని మీ చేతికి తెలుసు. ఇప్పుడు మట్టం సరైంది, చెయ్యేమో పాత తప్పునే దిద్దుతోంది. అందుకే ఇవి కుడికి ఒరిగాయి."

ఆయన తన కుడిచేతిని మళ్ళీ చూసుకున్నాడు. ఈసారి ఎవరో పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశాడు. కాస్త నవ్వు కూడా వచ్చింది. "అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట" అన్నాడు. అంటూండగానే ఆ నవ్వు ఆగిపోయింది. తలెత్తి కోడలి ముఖంలోకి చూశాడు.

"నీ చెయ్యీ బాగానే ఉందన్నమాట. మొదట్నించీ."

 ఆమె అప్పటిదాకా ఆపుకున్నది కళ్ళలోంచి దిగిపోయింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, రెండింట్లోనూ మట్టాలున్నాయి. అత్తగారే కొంగుతో తుడిచింది.

"నన్ను అడగకుండా ఆకురాయి పెట్టావు" అన్నాడు ఆయన.

"అడిగాను మామయ్యా."

ఆయన ఆలోచించాడు. "అడిగావు. నేనే వినలేదు."

"అయినా తప్పే."

"తప్పే" అని ఆయన ఒప్పుకున్నాడు. అని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "పద. రేపు ఆ గడియారాలాయన వస్తాడు. ఇంకా మూడు సొరుగులున్నాయి."

లోపల తన బల్ల దగ్గర కొత్త చెక్క పెట్టుకున్నాడు. రెండో బల్ల మీది చాకుని తనే వెనక్కి తెచ్చుకున్నాడు. పెద్ద మట్టాన్ని అంచుకి ఆనించి, ఆమెని పక్కన నిలబడమన్నాడు.

"నా కన్ను నాకు అబద్ధం చెబుతుంది. నువ్వు చూడు. చాకు జరగ్గానే చెప్పు."

చాకు కదిలింది. సగందాకా పట్టీని అంటుకునే వెళ్ళింది. సగం దాటింది. సన్నటి వెలుతురు కనబడింది. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. గీత చివరిదాకా వెళ్ళిపోయింది. ఆయన చాకు ఎత్తి చూశాడు.

"జరిగింది కదా?"

"జరిగింది మామయ్యా."

"మరి చెప్పవేం?"

"మిమ్మల్ని అనడానికి నోరు రాలేదు."

పెద్దమేస్త్రి ఆ చెక్కని పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాడు. దాని మీద మట్టం పెడుతూ, తల ఎత్తకుండా అన్నాడు, "నాకు మూడేళ్ళూ నోరెలా వచ్చిందో మరి."

మిషను దగ్గర చిన్నమేస్త్రి ఏదో వెతుకుతున్నట్టు వంగిపోయాడు. పెద్దమేస్త్రి చాకు పెట్టి గీయడం మొదలుపెట్టాడు. సగం దాటింది.

"జరుగుతోంది మామయ్యా" అందామె, వినీ వినబడకుండా.

"వినబడలేదు. నేను నీకు చెప్పినంత గట్టిగా చెప్పు."

"జరుగుతోంది మామయ్యా" అంది, గదంతా వినబడేట్టు.

చాకు ఆగింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి వచ్చి, పట్టీకి ఆనుకుని, పైదాకా వెళ్ళింది.